స్వతంత్ర సినిమాకు మేం చేయని సాయమంటూ ఉందా?

స్వతంత్రంగా సినిమాలు తీసుకునేవాళ్ల నుంచి ఒక ఫిర్యాదు తరచూ వినబడుతోంది. చుట్టుపక్కల వాళ్ల సపోర్ట్ తమకు లేదట. వినగానే మనసు చివుక్కుమంది. ఎవరండీ సపోర్ట్ చేయనిది? పోస్టర్ వదిలిన పది నిమిషాల్లో దాని కింద చప్పట్ల బొమ్మలు, నిప్పు బొమ్మలు కుప్పలు పోసిందెవరు? ‘ఇండస్ట్రీకి నీలాంటోడే కావాలి బ్రో’ అని రాసిందెవరు? ఆ మర్నాడే కుర్రాడు మొహమాటపడుతూ ‘అన్నా, ఒక పూట మీ వ్యాను కావాలి’ అని మెసేజ్ పెడితే, చదివి కూడా చదవనట్టు ఉండిపోయి అతనికి సొంత కాళ్ల మీద నిలబడటం నేర్పిందెవరు? మేమే. సమాజం అంటే మేమే కాబట్టి, సమాజం తరఫున నాలుగు మాటలు రాయక తప్పడం లేదు.

ముందుగా సలహాల సంగతి. కెమెరా అద్దెకు దొరకని ఊరు ఉండొచ్చు గానీ స్క్రీన్‌ప్లే మీద సలహా దొరకని ఊరు భూమ్మీద లేదు. కథ వినకముందే క్లైమాక్స్ మార్చమంటాం. హీరోయిన్ లేదని తెలిస్తే ఒకరిని పెట్టమంటాం, ఉందని తెలిస్తే ఎందుకని అడుగుతాం. ‘కంటెంట్ ఉంటే చాలు తమ్ముడూ, అదే ఆడుతుంది’ అని భుజం తట్టి పంపిస్తాం. ఇంత సరుకు ఉచితంగా సప్లై చేస్తుంటే, మైకుకి బ్యాటరీలు లేవని కూర్చునేవాడిని ఏమనాలి?

ఇక లొకేషన్లు. ‘షూటింగ్‌కి ఇల్లు కావాలా, ఇది నీ ఇల్లే అనుకో’ అని నేనే స్వయంగా ఒక కుర్రాడికి అన్నాను. అంటే నిజంగానే వచ్చేశారు. సోఫా జరిపారు, కర్టెన్ విప్పారు, కిటికీకి నల్లగుడ్డ కట్టారు. అంతవరకు ఓర్చుకున్నాను. షాట్ మొదలయ్యే ముందు సౌండ్ చూసుకునే అమ్మాయి హెడ్‌ఫోన్ ఒక చెవి మీంచి పక్కకి జరిపి, ‘ఫ్రిజ్ ఆపాలండీ’ అంది. మన చెవి అలవాటు పడిపోయిన ఆ గూయ్ మనే చప్పుడు మైకు వదలదట. పైగా ఒక షాట్‌లో ఉండి పక్క షాట్‌లో లేకపోతే ఎడిటింగ్‌లో అతుకు బయటపడిపోతుందట. తిరిగి ఆన్ చేయడం మర్చిపోతే మా గతేంటి అంటే, బ్యాగులోంచి తన బండి తాళాలు తీసి చూపించింది. అవి ఫ్రిజ్‌లో పెట్టేస్తుందట. ఇంటికెళ్లాలంటే తాళాల కోసం ఫ్రిజ్ తలుపు తీయాల్సిందే, తీస్తే లోపల లైటు వెలగదు, అప్పుడు స్విచ్ గుర్తొస్తుంది. సౌండ్ వాళ్లలో చాలామందికి ఇది అలవాటేనట. ఇంత బుర్ర ఉన్నవాళ్లు ఏదైనా ఉద్యోగం చూసుకోవచ్చు కదా అనిపించింది. నేనైతే ఒప్పుకోలేదు. ఇల్లు ఇచ్చాను గానీ స్విచ్ బోర్డు మీద హక్కులు రాసివ్వలేదు. ఆ సినిమాలో తండ్రి చనిపోయే సీన్ మొత్తానికి మా ఫ్రిజ్జే నేపథ్య సంగీతం. టైటిల్స్‌లో దాని పేరు వేయలేదు, అది వేరే విషయం.

మనుషులే కాదు, వ్యవస్థలు కూడా తమ వంతు చేస్తూనే ఉన్నాయి. అమెరికాలో యూటా రాష్ట్రంలోని మోయాబ్ అనే చిన్న ఊళ్లో 1949లోనే ఫిల్మ్ కమిషన్ పెట్టారు. జార్జ్ వైట్ అనే పశువుల పెంపకందారు చొరవతో మొదలైన ఆ కమిషన్ ఇప్పటికీ నడుస్తోంది. మా ఊళ్లో ఏమున్నాయి, దేనికి ఎవరిని అడగాలి అని బయటివాళ్లకు చెప్పే ఒక గుమ్మం అన్నమాట. ఐడియా చిన్నదే. తర్వాత అది ప్రపంచమంతా పాకి, పాకుతూ పాకుతూ బాగా బలిసి, ఇప్పుడు చాలాచోట్ల రాయితీ పథకం రూపంలో దర్శనమిస్తోంది. మా ప్రాంతంలో కనీసం ఇంత ఖర్చు పెట్టండి, ఆడిట్ చేయించిన బిల్లులు పట్టుకురండి, అందులో ఇంత శాతం తిరిగి ఇస్తాం అంటారు. ఆకలితో ఉన్నవాడిని ముందు కడుపునిండా తిని బిల్లు పట్టుకురా, పావు వంతు మేమిస్తాం అనడం లాంటిదే ఇది. అసలు ఆ ‘కనీసం’ అనే గీత ఎక్కడ ఉంటుందంటే, స్వతంత్ర దర్శకుడు తన జీవితంలో తీయబోయే సినిమాలన్నీ కలిపినా దాని కింద నుంచి సుఖంగా నడిచి వెళ్లిపోవచ్చు. పెద్ద సినిమావాళ్లకు మాత్రం పనికొస్తుంది. వాళ్లూ కష్టపడుతున్నారు కదా, పాపం.

కింది స్థాయిలో కూడా వనరులకు కొదవ లేదు. కాలేజీలో కెమెరా ఉంది. బీరువాలో ఉంది. బీరువా తాళం లీవులో ఉన్న సారు దగ్గర ఉంది. కమ్యూనిటీ హాల్లో ప్రొజెక్టర్ కూడా ఉంది గానీ అది సన్మాన సభల్లో స్లైడ్లు వేయడానికే తప్ప సినిమాలకు ఇవ్వరు, బల్బు అరిగిపోతుంది. వీధిలోకి వెళ్దామా అంటే, చాలాచోట్ల చేతిలో ఫోను పట్టుకుని ఎంతసేపు తీసుకున్నా నువ్వు మామూలు పౌరుడివే, అదే ఫోను ట్రైపాడ్ మీద పెట్టావో, ఆ క్షణం నుంచి ప్రొడక్షన్ కంపెనీవి. పర్మిషన్ ఏది, ఇన్సూరెన్స్ ఏది, డిపాజిట్ ఏది? అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అని గిట్టనివాళ్లు అంటారు. క్రమశిక్షణ అంటాను నేను.

చరిత్ర తెలిసినవాళ్లు ఇక్కడ సత్యజిత్ రాయ్ పేరు ఎత్తుతారని తెలుసు. ఎత్తనివ్వండి. ‘పథేర్ పాంచాలి’ కోసం ఆయన ఇన్సూరెన్స్ పాలసీ మీద అప్పు తెచ్చాడు, భార్య నగలు తాకట్టు పెట్టాడు, అవీ చాల్లేదు. చివరికి పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం డబ్బిచ్చింది, అది కూడా రోడ్ల పద్దు కింద, సినిమా పేరులో దారి అనే మాట ఉంది కదా అని. సినిమాకి విడిగా పద్దు లేకపోయినా, ఉన్న పద్దులోకి సినిమాని దూర్చగలిగిన మహానుభావుడెవరో గానీ, అలాంటి గుమాస్తాలు ఇప్పుడు ఒక్కో ఊరికి ఒక్కరున్నా మేం ఇంత శ్రమపడాల్సిన అవసరం ఉండేది కాదు. మరి స్థానిక సహకారం మాటేమిటి అంటారా, అదీ అందింది. తెల్లటి రెల్లుపూల మధ్య ఒకరోజు షూటింగ్ చేసి, మళ్లీ వారం తర్వాత వెళ్తే అక్కడ పూలు లేవు. పశువులు మేసేశాయి. మళ్లీ పూసేదాకా ఆ సీను ఆగింది. 1955లో సినిమా విడుదలయ్యాక ప్రపంచమంతా పొగిడింది కదా, ఆ పశువులకు దక్కాల్సిన క్రెడిట్ గురించి ఎవరైనా మాట్లాడారా?

అంతకంటే ప్రమాదకరమైన ఉదాహరణలు ఇంకో రెండున్నాయి. వాటి గురించి కుర్రాళ్ల ముందు ఎత్తకపోతేనే మంచిది. 1976లో శ్యామ్ బెనెగల్ ‘మంథన్’ తీసినప్పుడు గుజరాత్‌లో 5 లక్షల మంది పాడి రైతులు తలా 2 రూపాయలు వేసుకుని నిర్మాతలయ్యారు. ఇచ్చి ఊరుకున్నారా అంటే లేదు, లారీల్లో బయల్దేరి వచ్చి మరీ సినిమా చూశారు. ఇది ఎంత చెడ్డ సంప్రదాయమో ఆలోచించండి. డబ్బులు ఇవ్వడమూ, చూడ్డానికి రావడమూ రెండూ ఒకే మనిషి చేస్తే ఇక విమర్శకుల గతేం కాను? 2024లో ఆ సినిమాని బాగు చేసి ఫ్రాన్స్‌లోని కాన్ చిత్రోత్సవంలో క్లాసిక్స్ విభాగంలో వేశారు. రెండేసి రూపాయల సినిమా అక్కడిదాకా పోవడం నాకైతే ఏమీ బాగోలేదు.

రెండోది కేరళలో జరిగింది. జాన్ అబ్రహాం అనే దర్శకుడూ (హిందీ హీరో కాదు లెండి), ఆయన మిత్రులూ 1984లో ఒడెస్సా అని ఒక సమూహం పెట్టుకుని, ఊరూరా తిరిగి, సినిమాలు వేసి చూపించి, జనం దగ్గర చందాలు పోగేసి 1986లో ‘అమ్మ అరియాన్’ తీశారు. థియేటర్ల జోలికి పోకుండా మళ్లీ ఆ జనానికే తీసుకెళ్లి చూపించారు. మధ్యలో డిస్ట్రిబ్యూటర్ లేడు, సాటిలైట్ హక్కుల బేరం లేదు, సక్సెస్ మీట్ లేదు. సక్సెస్ మీట్ లేని సినిమా ఆడిందో లేదో ఎలా తెలుస్తుందండీ? మన దగ్గర 2018లో ‘కేరాఫ్ కంచరపాలెం’ కూడా ఈ బాపతే. ఆ పేటలో ఉండేవాళ్లనే తీసుకుని నటింపజేశారు. ఇలాంటివి అలవాటైతే ప్రతి పేటకీ ఒక కథ ఉందనే అపోహ ప్రబలిపోతుంది.

అందుకే కుర్రాళ్లకి నేనెప్పుడూ విదేశీ కథలే చెబుతాను. రాబర్ట్ రోడ్రిగెజ్‌ని చూడు, 7 వేల డాలర్లతో ‘ఎల్ మరియాచి’ తీశాడు, నీకేం రోగం అంటాను. ఆ డబ్బులో కొంత కోసం అతను మందుల ప్రయోగశాలలో తన ఒంటినే అద్దెకిచ్చాడని కూడా చెబుతాను, స్ఫూర్తి కోసం. అతను షూటింగ్ చేసిన మెక్సికో సరిహద్దు ఊళ్లో పోలీసులే తుపాకులు అరువిచ్చారనీ, ఎవరో ఇచ్చిన వీల్‌చైరే కెమెరా ట్రాలీగా మారిందనీ మాత్రం చెప్పను. చెబితే వెంటనే ‘మరి మీ వ్యాను’ అంటారు. కెవిన్ స్మిత్ అనే ఇంకో దర్శకుడి కథ కూడా అంతే. 27 వేల డాలర్ల పైచిలుకుతో ‘క్లర్క్స్’ తీశాడు, క్రెడిట్ కార్డులు గీకి తీశాడు, నువ్వూ గీకు అంటాను. పగలు తను పనిచేసే కొట్టులోనే రాత్రిళ్లు షూటింగ్ చేసుకోనిచ్చారన్న ముక్క మింగేస్తాను. బయట చీకటి కనబడకుండా షట్టర్ దించేసి, షట్టర్ ఎందుకు దించి ఉందో కథలోనే ఒక సాకు రాసుకున్నాడు. ఆ తెలివి అతనిదే, ఒప్పుకుంటాను. కొట్టు మాత్రం ఇంకొకరిది. తక్కువ బడ్జెట్ సినిమా అంటే ఖర్చు లేని సినిమా అని మేం ప్రచారం చేస్తాం గానీ, ఆ ఖర్చు చుట్టూ ఉన్నవాళ్లు తలా కాస్త భరించారన్న సంగతి బయటికి పొక్కితే కష్టం.

సంగీతం దగ్గర ఒక్క మాట. ‘ఏదో ఒక మంచి పాత పాట పెట్టెయ్, ఎవడు అడుగుతాడు’ అన్నది మేమిచ్చే సలహాలన్నిట్లోకీ బాగా అమ్ముడుపోయేది. లాస్ ఏంజెలెస్‌లో చార్లెస్ బర్నెట్ అనే దర్శకుడు చదువుకునే రోజుల్లో, వారాంతాల్లో, నటులు కానివాళ్లతో 10 వేల డాలర్ల లోపే ‘కిల్లర్ ఆఫ్ షీప్’ తీశాడు. పాటలు పెట్టాడు. హక్కులు లేవు. 70ల చివర్లో తయారైన సినిమా థియేటర్లలో సరిగ్గా విడుదలయ్యేసరికి 2007 వచ్చింది, ఆ పాటల హక్కులకే లక్షన్నర డాలర్లయ్యాయి. ఊళ్లో పాట కట్టేవాళ్లు లేకనా? ఉన్నారు. వాళ్లూ మాలాంటి వాళ్ల ‘సూపర్ బ్రో’ల మీదే బతుకుతున్నారు. పాట కట్టేవాళ్లనీ సినిమా తీసేవాళ్లనీ ఒకరికొకరిని పరిచయం చేస్తే పోయేదే. కానీ పరిచయం చేస్తే వాళ్లు మనల్ని మర్చిపోతారు, అందుకే నేను చేయను.

సినిమా పూర్తయ్యాక మా అసలు సేవ మొదలవుతుంది. ‘లింక్ పంపు’ అంటాం. ఈ రెండు మాటల్లో ఎంత ఆప్యాయత ఉందో గమనించండి. టికెట్ కొంటే అది వ్యాపారం అయిపోతుంది, లింక్ అడిగితే అది బంధుత్వం. పంపిన లింక్ ఓపెన్ చేసి, నాలుగు నిమిషాలు చూసి, ఫోన్ మోగితే పక్కన పెట్టి, రాత్రికి ‘చూశాను, సెకండాఫ్ కాస్త లాగ్ అయింది’ అని పెడతాం. సినిమా నిడివి 22 నిమిషాలు, సెకండాఫ్ ఎక్కడిదని అడిగేంత సంస్కారం లేనివాళ్లు కాదు పాపం, ‘థాంక్యూ అన్నా, నెక్స్ట్ టైం చూసుకుంటా’ అంటారు. ఇక ప్రదర్శన ఉందని పిలిస్తే తప్పకుండా వస్తాం అని చెబుతాం. తప్పకుండా అన్న మాట వాడామంటే రావట్లేదని తెలుసుకోలేనివాడు మనుషుల గురించి సినిమా ఏం తీస్తాడు?

ఫిల్మ్ సొసైటీలు మళ్లీ పెట్టాలని ఈ మధ్య కొందరు బయల్దేరారు. 1947లో కలకత్తా ఫిల్మ్ సొసైటీ పెట్టినవాళ్లలో ఆ రాయ్ కూడా ఒకడు, చూశారా, అప్పుడే అనుమానించాల్సింది. నెలకోసారి పదిమంది ఒకచోట చేరి సినిమా చూసి మాట్లాడుకుంటే ఏమవుతుంది? ఎవరి దగ్గర లైటుందో, ఎవరికి సౌండ్ తెలుసో, ఎవరి మేడ మీద సాయంత్రం ఎండ బాగా పడుతుందో అందరికీ తెలిసిపోతుంది. అప్పుడు ‘మా ఊళ్లో ఏమీ లేవు’ అనడానికి మాకే అవకాశం ఉండదు. కాబట్టి దీన్ని నేను తీవ్రంగా వ్యతిరేకిస్తున్నాను. వాట్సాప్ గ్రూప్ ఉంది కదా, గుడ్ మార్నింగులు వస్తున్నాయి కదా, చాలదా?

ఇంత చేసినా మేం అడిగేది ఒక్కటే, థాంక్స్ కార్డు మీద పేరు. ఇంటి పేరుతో సహా, స్పెల్లింగ్ తప్పు లేకుండా. వేసేదేదో మొదట్లోనే వేయండి. చివర్లో వేస్తే అప్పటిదాకా కూర్చుంటామని గ్యారంటీ ఇవ్వలేం.