దిగింది సరే, ఏ స్టాపులో?

మొన్న పొద్దున్నే ఆరున్నరకి మా మావయ్యగారు ఊరి నుంచి ఫోన్ చేశారు. ఆ వేళలో ఫోన్ మోగితే ఎవరికైనా గుండె ఝల్లుమంటుంది.

“అల్లుడుగారూ, దిగిందంటోందండీ” అన్నారు.

“ఏం దిగింది మావయ్యగారూ?”

“ఆధారండీ. బ్యాంకు వాళ్ళు అడిగారు. దిగిందంటోంది గానీ, ఎక్కడ దిగిందో చెప్పట్లేదు.”

ఈ దేశంలో ఇంత సూటి ప్రశ్న ఈమధ్య ఎవరూ వేయలేదని నా అభిప్రాయం. డౌన్‌లోడ్‌కి మనవాళ్ళు ‘దిగడం’ అన్నమాట ఊరికే వాడట్లేదు. రావాల్సిన చుట్టం “దిగాను” అని ఒక్క మెసేజ్ పెట్టి ఫోన్ ఆపేశాడనుకోండి. బస్టాండులో దిగాడో, ఊరి చివర గేటు దగ్గర దిగాడో తెలియక మనం బండేసుకుని తిరుగుతాం. ఫైలు కథా అంతే. తెర మీద చిన్న బాణం గుర్తు కిందికి దూకుతుంది, రెండు సెకన్లు కనపడుతుంది, ఆ తర్వాత దాని జాడ తెలిస్తే ఒట్టు.

ఇందులో ఫైలు తప్పేమీ లేదని ముందే మనవి చేసుకుంటున్నాను. విడిది ఎక్కడో నిర్ణయించేది దాన్ని తెచ్చిన యాప్. ఆండ్రాయిడ్ ఫోన్లో క్రోమ్ తెచ్చిన ఫైలు మామూలుగా ‘డౌన్‌లోడ్’ అనే ఫోల్డర్లో దిగుతుంది. వాట్సాప్ తెచ్చిన దానికి అక్కడ దిగడం నామోషీ. ఒకప్పుడు ఫోన్ మెమరీ తెరవగానే గుమ్మంలోనే వాట్సాప్ ఫోల్డర్ ఉండేది. ఆండ్రాయిడ్ 11 రోజుల నుంచి కాపురం లోపలికి మార్చారు. ఆండ్రాయిడ్ అనే ఫోల్డర్, అందులో మీడియా, అందులో కామ్ డాట్ వాట్సాప్, అందులో వాట్సాప్, అందులో మళ్ళీ మీడియా, అప్పుడు గానీ వాట్సాప్ డాక్యుమెంట్స్ రావు. మాంత్రికుడి ప్రాణం కూడా ఏడు సముద్రాల అవతల చిలకలోనే ఉండేది. కాకపోతే రాకుమారుడికి దారి చెప్పడానికి ఓ పేదరాశి పెద్దమ్మ ఉండేది.

ఐఫోన్ వాళ్ళు నవ్వనక్కర్లేదు. 2017లో ఐఓఎస్ 11 వచ్చేదాకా వాళ్ళకి ఫైల్స్ అనే యాపే లేదు. ఇప్పుడుంది. కానీ సఫారీలో దించింది ఫోన్లో ఉందో ఐక్లౌడ్‌లో ఉందో సెట్టింగ్స్ చూస్తే గానీ తెలియదు. అంటే చుట్టం ఊళ్ళో దిగాడో, మబ్బుల్లో దిగాడో కూడా విచారించుకోవాలి.

కంప్యూటర్ కాస్త నయం. క్రోమ్‌లో కంట్రోల్, జె కలిపి నొక్కితే దిగినవన్నీ వరసగా కనపడతాయి. ఈ రహస్యం తెలిసినందుకు నాకు ఆఫీసులో గురుస్థానం దక్కింది. అదే గురువు ఓసారి మెయిల్లో వచ్చిన ఫైలుని దించకుండా అక్కడికక్కడే తెరిచి, రెండు గంటలు దిద్ది, సేవ్ కొట్టి, మూసేశాడు. అది టెంపరరీ ఫోల్డర్లో ఎక్కడో సేవ్ అయింది. ఆ పూట శిష్యులకి ముఖం చూపించలేదు.

ప్రజలు దీనికి ఎప్పుడో పరిష్కారం కనిపెట్టారు: వెతకడం మానేసి మళ్ళీ దించడం. నా ఫోన్లో ఒకే నెల కరెంటు బిల్లు ఎనిమిది సార్లుంది, పక్కన బ్రాకెట్లో 7 దాకా అంకెలతో. కట్టింది ఒక్కసారే లెండి. ఆధార్ మళ్ళీ దించాలంటే నంబరు కొట్టాలి, క్యాప్చా కొట్టాలి, ఓటీపీ కోసం చూడాలి. అయినా వెతకడం కంటే అదే సుఖం అనిపిస్తోందంటే, వెతకడం ఏ స్థాయి తపస్సో మీరే ఆలోచించండి.

మావయ్యగారి చేత ఆ తపస్సు చేయిద్దామనే కూర్చున్నాను. “ఫైల్స్ యాప్ తెరిచి, పైన ఆధార్ అని ఇంగ్లీషులో కొట్టండి” అన్నాను. కొట్టారు. ఏమీ లేదంది. పావుగంట తర్వాత తేలిందేమిటంటే, ఆ పేరులో ‘ఎ’లు నాలుగుంటాయి, ఆయన రెండే వేశారు. లోటు భర్తీ చేశాక ఫైలు దొరికింది. దొరికి, పాస్‌వర్డ్ అడిగింది. పేరులో మొదటి నాలుగు ఇంగ్లీషు అక్షరాలు క్యాపిటల్స్‌లో, పక్కనే పుట్టిన సంవత్సరం కొట్టమన్నాను.

“నేను పుట్టిన సంవత్సరమా అండీ, బళ్ళో మాస్టారు వేసిందా?”

ఆయన రెండూ వేసి చూశారు. తెరుచుకోలేదు. “పోనీలెండి, జిరాక్స్ షాపుకెళ్తాను” అని పెట్టేశారు.

నెట్ సెంటర్లలాంటి చోట ఈ-ఆధార్ దించితే ఆ కాపీలన్నీ తీసేయమని ఆధార్ సంస్థ ఎప్పటి నుంచో చెబుతూనే ఉంది. మన వస్తువు మన ఫోన్లోనే దొరకనప్పుడు, పరాయి కంప్యూటర్లో ఎక్కడుందని తీసేస్తాం? మధ్యాహ్నం మళ్ళీ ఫోన్ వచ్చింది. పని అయిపోయిందట. షాపు కుర్రాడికి వాట్సాప్ పంపుదామని ఈయన ఫోన్ తీయబోతే, “అక్కర్లేదు తాతగారూ, పోయిన నెల పింఛనుకి దించాంగా” అని డౌన్‌లోడ్స్ తెరిచాడట. అందులో సగం ఊరు తేదీల వరసన ఉందట. ఒక్క క్షణంలో తీశాడు.

పాస్‌వర్డ్ కూడా ఆయన్ని అడగలేదట.