పర్లాకిమిడి పొడుగిళ్ళు పన్ను కోసం కట్టినవి కావు

ఒడిశాలో, ఆంధ్రా సరిహద్దున ఉన్న మా పర్లాకిమిడి పాత వీధుల గురించి ఒక వాట్సాప్ మెసేజ్ తెగ తిరుగుతోంది. వీధి వైపు సన్నగా, లోపలికి పొడుగ్గా ఉండే ఆ పొడుగిళ్ళని పన్ను ఎగ్గొట్టడానికే అలా కట్టారట. లోపల గాలి ఆడదట, గోడలు కుళ్ళిపోయాయట, అసలవి ఆంధ్రా వాళ్ళు తెచ్చిన పద్ధతట. కూల్చి శ్లాబు వేసుకోవడమే మేలట. మా వీధిలో ఇద్దరు అది నమ్మి మేస్త్రీని పిలిచారు కూడా.

పన్ను మాట ముందు. మునిసిపాలిటీ ఊసే లేని పల్లెల్లో, ఇటు గంజాం వైపూ అటు శ్రీకాకుళం వైపూ, గోడకి గోడ ఆనించి ఇలాంటి ఇళ్ళే కట్టుకున్నారు. అక్కడ ఎగ్గొట్టింది ఏ పన్ను? రెండిళ్ళకీ ఒకే గోడ అయితే దాని ఖర్చు సగం, దానికి ఎండ తగలదు. పైగా అన్నదమ్ముల పంపకాల్లో ఇళ్ళు నిలువునా చీలాయి. మా మండువా (ఇంటి నడుమ ఆకాశం కనిపించేలా తెరిచి ఉంచే చోటు) దూలం సగం మాది, సగం పెదనాన్నగారిది. మధ్యలో తర్వాత లేపిన ఇటుక గోడ ఆ దూలం కిందకొచ్చి ఆగింది.

గాలి సంగతి. వీధి తలుపు, పెరటి తలుపు ఒకే వరసలో ఉంటాయి, నడుమ మండువా. వేడి అందులోంచి పైకి పోతుంటే పెరట్లోంచి చల్లగాలి లోపలికి వస్తుంది. దొంగల భయంతో మండువా మీద రేకులు వేశాక కదా ఉక్క మొదలైంది! నడిమి గదులు చీకటన్నది మాత్రం నిజమే, అద్దం పెంకు రెండు పెడితే తీరుతుంది.

గోడలా? మా నడవ గోడకి అడుగున మూరెడు ఎత్తు సిమెంటు పూయించాం. సరిగ్గా ఆ మేరే ఉప్పు పొంగి పెళ్ళలు రాలుతున్నాయి. పైనున్న పాత సున్నం గోరు పెట్టి గీకినా రాలదు. సున్నం తడిని బయటికి వదులుతుంది, సిమెంటు లోపలే బిగబట్టేస్తుంది.

ఇక ఆంధ్రా పద్ధతి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా ఈ ఊరు మద్రాసు ప్రెసిడెన్సీలోదే. మా ఇల్లు అంతకన్నా పాతది. సరిహద్దుకి అటువైపు, ఆంధ్రాలోని పాతపట్నంలోనూ ఇవే అరుగులు. మా రెండోవైపు గోడ అవతల ఒడియా కుటుంబం. వాళ్ళ అరుగు మీంచి కిందకి దిగకుండానే మా అరుగు మీదికి వచ్చేస్తారు.

మేస్త్రీని ఎలాగూ పిలిచారు కాబట్టి, ముందు మండువా రేకులు తీయించండి. సిమెంటు చెక్కించి సున్నం పూయించండి. ఆ పని తెలిసిన పెద్దాయన ఒకరు మా వీధి చివర ఇంకా ఉన్నారు.