ఇల్లు కూల్చే ముందు వడ్రంగిని పిలవండి

నెల్లూరు, ప్రకాశం జిల్లాల నుంచి అమెరికా వచ్చి స్థిరపడిన మనలో చాలామందికి ఊళ్లో ఒక పాత ఇల్లు ఉంది. అమ్మానాన్నలు పెద్దవారయ్యారు, వానొస్తే పెంకులు కారుతున్నాయి, మరుగుదొడ్డి పెరటి చివర ఉంది. కూల్చి శ్లాబు వేయించాలని అనుకుంటాం. ఆ నిర్ణయంతో నాకు పేచీ లేదు. వయసు మళ్లినవారికి అర్ధరాత్రి మెట్లు దిగే బాధ తప్పాల్సిందే. నా పేచీ ఆ తర్వాత జరిగేదానితో. ఇటుక, ఇనుము, కలప అన్నీ కలిపి కూల్చే కాంట్రాక్టరుకు గంపగుత్తగా అప్పగిస్తాం. బేరం ఫోనులోనే ముగుస్తుంది. ఆ కలప ఏ చెట్టుదో, ఎంత ఉందో, ఎటు పోయిందో ఎవరమూ అడగం. అడగాలని, ఆ కలపతోనే కొత్త ఇంటికి కావలసిన బల్లలు, మంచాలు, అరలు అక్కడే చేయించాలని నా గట్టి అభిప్రాయం.

కలిగినవారి ఇళ్లలో బర్మా టేకు వాడారు. మిగతావారి ఇళ్లలో తాడి, వేప, మద్ది ఉంటాయి. పొదిలి, కనిగిరి వైపు మట్టి మిద్దెలైనా, కావలి, కోవూరు వైపు పెంకుటిళ్లయినా కప్పును మోసింది ఈ చెట్లే. ఆనాటి టేకులో చేవ, అంటే మాను నడిమి గట్టి చెక్క, ఎక్కువ. ఇప్పుడు తోటల్లో పెంచే టేకును ముదరకముందే నరుకుతారు కాబట్టి బెరడు వైపు ఉండే తెల్లచెక్క ఎక్కువగా ఉంటుంది. చెదలు, పుప్పి ముందుగా పట్టేది దాన్నే. తాడి సంగతి వేరు. దాని గట్టిదనమంతా బయటివైపే, నడిమి భాగం మెత్తన. ముదురు తాటి పట్టెను నున్నగా చేస్తే గోధుమరంగు మీద నల్లటి చారలు తేలతాయి. పేదింటి కలప అని దాన్ని వంటచెరకు కింద పడేయడం అన్యాయం.

కావలిలో ఒక కోతమిల్లు దగ్గర మా బంధువుల ఇంటి దూలాన్ని కోస్తుంటే నిలబడి చూశాను. పైకి అది పొగచూరి, సున్నం మరకలతో బొగ్గులా ఉంది. మిల్లువారు పాత కలప అనగానే మొహం తిప్పుకున్నారు. లోపల ఒక్క మేకు దాగి ఉన్నా రంపం పళ్లు పోతాయి మరి. వడ్రంగి ఒక అయస్కాంతాన్ని దూలం పొడుగునా జరుపుకుంటూ వెళ్లి, అది అంటుకున్న ప్రతిచోటా సుద్దతో గుర్తు పెట్టాడు. మేకులన్నీ పీకాక మొదటి కోత పడింది. లోపలి చెక్క తేనెరంగులో, నూనె ఊరినట్టు మెరిసింది. టేకు వాసన మిల్లంతా నిండింది. ఇనుప మేకు ఉన్నచోట మాత్రం నీలి నలుపు మచ్చ మిగిలింది. చెక్కలోని వగరు, ఇనుము కలిసి వేసే రంగు అది. ఆ మచ్చను చెరిపేయమని నేనైతే చెప్పను.

అందుకే యంత్రం కంటే ముందు వడ్రంగి రావాలి. గోడలో దూరిన దూలం కొసలు తడికి మెత్తబడి, చెదలు తిని ఉంటాయి. వాటిని కోసేస్తే మిగతాదంతా గట్టి చెక్కే. అదే యంత్రంతో గోడను తోస్తే దూలం నడిమికి విరిగి, బల్లకు పనికొచ్చే పొడవు పోతుంది. ముందు పెంకులు దించి, వాసాలు విప్పి, దూలాలను తాళ్లతో కిందికి దించాలి. దీనికి కొన్ని రోజులు ఎక్కువ పడతాయి. కాంట్రాక్టరు విసుక్కుంటాడు. విసుక్కోనివ్వండి.

ఏం చేయించాలన్నది ఇంటివారి ఇష్టమే అయినా, నాకు కొన్ని పట్టుదలలు ఉన్నాయి. పాత తలుపు రెక్కను పడుకోబెట్టి భోజన బల్ల చేయడం ఇప్పుడు ఫ్యాషను. తలుపు పలకల మధ్య గాడుల్లో మెతుకులు ఇరుక్కుంటాయి, పైన అద్దం పరవాల్సి వస్తుంది. ఆ రెక్క మంచానికి తలవైపు పలకగా బాగా నప్పుతుంది. భోజన బల్లకు దూలాన్ని పలకలుగా కోయించాలి. చేయి ఆనే పైభాగాన్ని నున్నగా చిత్రిక పట్టించి, అడుగున బాడిస (చెక్కను చెక్కే పనిముట్టు) గాట్లను అలాగే ఉంచాలి. ఉయ్యాల గొలుసు ఒరుసుకుని గాడి పడిన దూలం ఉంటే, ఆ గాడి ముందువైపుకు కనిపించేలా వరండాలోకి ఒక బెంచీ చేయించండి. కొత్త చెక్కను గొలుసులతో కొట్టి పాతదిలా చూపించే పని నాకు బొత్తిగా నచ్చదు. సముద్రపు గాలి తగిలే ఊళ్లలో ఇనుప మేకులు త్వరగా తుప్పు పడతాయి. ఒక చెక్కకు కన్నం చేసి, అందులో రెండో చెక్క కుసి (సన్నగా చెక్కిన కొస) దిగగొట్టి, కొయ్య చీలతో బిగించిన అతుకు అక్కడ ఎక్కువ కాలం నిలుస్తుంది.

రంగు వేసిన తలుపుల విషయంలో జాగ్రత్త తప్పనిసరి. ఇళ్లకు వాడే రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల భాగాల్లో 90) మించకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరులో గానీ అమలులోకి రాలేదు. అంతకు ముందు పొరలు పొరలుగా వేసిన ఎనామిల్‌ను పొడిగా గరుకు కాగితంతో రుద్దితే సీసపు దుమ్ము ఇల్లంతా పరుచుకుంటుంది. తడిపి గీకించాలి. పసిపిల్లలను ఆ దరిదాపులకు రానివ్వకూడదు. చెక్క కన్నాల్లోంచి సన్నటి పిండి రాలుతుంటే పుప్పిపురుగు ఇంకా బతికే ఉన్నట్టు. అలాంటి ముక్కను మంచి కలపతో కలిపి పెట్టవద్దు.

ద్వారబంధాన్ని ఓడలో ఇక్కడికి తెప్పించుకోవాలని ఉందని మిత్రులు అంటూ ఉంటారు. ఆ ప్రేమ నాకు అర్థమవుతుంది. కానీ నూరేళ్లు దాటిన శిల్పపు పనిని ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించడానికి 1972 నాటి పురావస్తువుల చట్టం ఒప్పుకోదు. జిట్రేగి (రోజ్‌వుడ్) జాతి కలప వ్యాపారం 2017 నుంచి అంతర్జాతీయ నియంత్రణలో ఉంది. చట్టం సంగతి అలా ఉంచినా, నెల్లూరు తేమగాలికి అలవాటుపడిన వెడల్పాటి పలక ఇక్కడ శీతాకాలంలో హీటరు వేసిన ఇంట్లో అడ్డంగా కుంచించుకుపోయి పగులుతుంది. ఆ కలప అక్కడే ఉండటం దానికీ మంచిది, దాని మీద కూర్చునే పెద్దవారికీ మంచిది.

పాత కలప కొత్త ఇంట్లోకి తేకూడదని పెద్దవారు అభ్యంతరం చెప్పవచ్చు. ఆ మాట సింహద్వారానికి, కప్పుకు వాడే కలప గురించి వినిపిస్తుంది. కూర్చునే బల్లకు ఆ పట్టింపు లేదని చెబితే ఒప్పుకున్నవారినే నేను ఎక్కువగా చూశాను.

ఇక కూలి. వస్తువుకు ఇంత అని బేరమాడితే వడ్రంగి నష్టపోతాడు. మేకులు పీకడానికి, వంకర తీయడానికి పట్టే కాలం కొత్త చెక్క పనిలో ఉండదు. రోజు కూలి ఇవ్వాలి, పనిముట్ల అరుగుదలకు కొంత కలపాలి. కొయ్య చెంచాలకు భౌగోళిక గుర్తింపు (జీఐ) తెచ్చుకున్న ఉదయగిరి ఉన్నది మన నెల్లూరు జిల్లాలోనే. చేయి తిరిగిన పనివారికి కొదవ లేదు. రెడీమేడ్ సామాను దుకాణాలు వచ్చాక వారికి పని తగ్గింది, పిల్లలు ఉలి పట్టడం మానేస్తున్నారు. మనం కట్టించే ఒక్కో ఇల్లు వారికి కొన్ని నెలల పని ఇవ్వగలదు.

మన ప్రవాసుల సంఘం ఇప్పటికే ఊళ్లలో బడులకు, మంచినీటికి డబ్బు పంపుతోంది. దానితో పాటు కావలి, ఒంగోలు, పొదిలి, ఆత్మకూరు చుట్టుపక్కల పాత కలప పని తెలిసిన వడ్రంగుల జాబితా తయారు చేయాలని కోరుతున్నాను. సంక్రాంతికి ఊరు వెళుతున్నవారు కూల్చే బేరం మాట్లాడే ముందు ఒక వడ్రంగిని ఇంటికి పిలిచి, దూలాలు, వాసాలు, తలుపులు కొలిపించి రాయించుకోండి. బేరంలో కలప వేరు, మిగతాది వేరు అని కాగితం మీద స్పష్టంగా పెట్టించండి.