ఫ్రెండ్స్ కంటే పదమూడు నెలల ముందే ఉంది ఆ ఇల్లు

శనివారం రాత్రి మా ఇంట్లో భోజనాలకి నాలుగు కుటుంబాల వాళ్ళొచ్చారు. తిన్నాక అందరూ హాల్లో చేరారు. టీవీలో నేను మధ్యాహ్నం సగంలో ఆపేసిన ‘లివింగ్ సింగిల్’ ఎపిసోడ్ అలాగే ఉంది. అందరూ నల్లజాతి నటులే ఉన్న పాత అమెరికన్ కామెడీ షో అది. మావారి స్నేహితుడి తమ్ముడు, అమెరికా వచ్చి రెండేళ్ళు కూడా కాలేదు, రిమోట్ తీసుకుని రెండు నిమిషాలు చూశాడు. చూసి, “వదినా, ఇది ఫ్రెండ్స్‌కి నల్లోళ్ళ కాపీ కదా?” అన్నాడు. హాలంతా ఘొల్లుమంది. నేను పెరుగు గిన్నె చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయాను. కాదు బాబూ అని చెప్పబోయేసరికి వాళ్ళ మాటలు క్రికెట్‌లోకి వెళ్ళిపోయాయి. రెండు రోజులైంది. ఇంకా కడుపు మండుతూనే ఉంది. అక్కడ చెప్పనివ్వలేదు కాబట్టి ఇక్కడ చెప్తున్నా.

‘లివింగ్ సింగిల్’ మొదలైంది 1993 ఆగస్టు 22న, ఫాక్స్ ఛానల్లో. అందరూ తెల్లవాళ్ళే ఉన్న ‘ఫ్రెండ్స్’ కామెడీ షో మొదలైంది 1994 సెప్టెంబరు 22న, ఎన్‌బీసీలో. లెక్కేసుకోండి, సరిగ్గా పదమూడు నెలలు. ఆరుగురు స్నేహితులు, న్యూయార్క్, ఒకరింట్లోకి ఒకరు వచ్చిపోతూ ఉండటం, ఉద్యోగాలు, ప్రేమలు, అద్దెలు. ముందు ఎవరు చేశారు? రెండూ తీసింది వార్నర్ బ్రదర్సే. తీసిన కంపెనీ ఒకటే అయినప్పుడు ముందు పుట్టినదాన్ని తర్వాత పుట్టినదానికి కాపీ అనడానికి నోరెలా వస్తుంది?

పైగా 1994లో రెండూ గురువారం రాత్రి ఎనిమిదిన్నరకే వచ్చేవి, ఒకటి ఈ ఛానల్లో, ఇంకొకటి ఆ ఛానల్లో. నల్లజాతి ఇళ్ళల్లో అందరికంటే ఎక్కువగా చూసే షోలలో ‘లివింగ్ సింగిల్’ ఒకటి. కానీ పోస్టర్లూ పత్రికల కవర్లూ ఎవరికి దక్కాయో మనందరికీ తెలుసు. చివరి రెండు సీజన్లకి ఫ్రెండ్స్ నటులు ఒక్కొక్కరు ఎపిసోడ్‌కి పది లక్షల డాలర్లు తీసుకున్నారు. ఇటు ‘లివింగ్ సింగిల్’లో కైల్ వేషం వేసిన టి.సి. కార్సన్‌ని నాలుగో సీజన్ తర్వాత పంపించేశారు. తమని చూసే తీరు బాగోలేదని తోటి నటుల తరఫున నోరు విప్పినందుకే తీసేశారని ఆయనే తర్వాత చెప్పాడు. 118 ఎపిసోడ్లు చేసి 1998 జనవరి 1న షో ముగిసింది.

ఇంకా మండించేది ఇంకోటుంది. 2020లో ఫ్రెండ్స్ నటుడు డేవిడ్ ష్విమ్మర్ ఒక ఇంటర్వ్యూలో, అందరూ నల్లవాళ్ళే ఉండే ఫ్రెండ్స్ ఒకటి రావాలేమో అన్నాడు. పక్క ఛానల్లో అదే గంటకి వచ్చిన షో ఆయనకి గుర్తు రాలేదు! ‘లివింగ్ సింగిల్’లో మాక్సీన్ వేషం వేసిన ఎరికా అలెగ్జాండర్ ఊరుకోలేదు. మా షో పేరే వినలేదా, ఆ మూస కనిపెట్టిందే మేము అని అందరి ముందూ అడిగింది. ఆయనకి గుర్తు లేకపోవడమూ మా హాల్లో ఆ నవ్వూ ఒకటే నాకు.

అసలు ఈ షో నాకెందుకంత దగ్గరో చెప్పాలి. 2004లో పెళ్ళయి, భర్త వెంట వచ్చేవాళ్ళకిచ్చే హెచ్-4 వీసా మీద న్యూజెర్సీ వచ్చాను. ఉద్యోగం చేయకూడదు, కారు లేదు, బయట మోకాళ్ళ దాకా మంచు. మావారు ఏడింటికి వెళ్తే మళ్ళీ రాత్రి ఏడింటికే. పగలు ఈ పాత ఎపిసోడ్లు వేసేవాళ్ళు. బ్రూక్లిన్‌లో ఒక పాత ఇల్లు. ఖదీజా ‘ఫ్లేవర్’ అని సొంత పత్రిక నడుపుతుంది, డబ్బులకి ఎప్పుడూ కటకటే, అయినా ఒకరి దగ్గర తల వంచదు. క్వీన్ లతీఫా ఆ వేషం వెయ్యడమే కాదు, మొదట్లో వచ్చే పాట కూడా ఆవిడే పాడింది. సింక్లేర్ తన బల్ల మీద బొమ్మని పెట్టుకుని దానితో మాట్లాడుతుంది. రెజీన్ విగ్గులూ, ఓవర్టన్ పనిముట్లూ. ఇక లాయర్ మాక్సీన్! ఆ ఇంట్లో ఉండదు, అద్దె కట్టదు, తలుపు తోసుకుని వచ్చి నేరుగా ఫ్రిజ్ తెరుస్తుంది. మా ఊళ్ళో పక్కింటి పిన్ని వంటింట్లోకొచ్చి “ఏం వండావే” అంటూ కూరగిన్నె మూత తీసినట్టే. ఆ అపార్ట్‌మెంట్లో నా ఫ్రిజ్ తెరిచేవాళ్ళు ఎవరూ లేని రోజుల్లో, మాక్సీన్ ఫ్రిజ్ తలుపు పట్టుకుని నిలబడితే నాకు ఏడుపొచ్చేది. ఎదుటివాడికి కళ్ళలోకి చూసి జవాబు చెప్పడం నేను నేర్చుకున్నది ఆ మనిషి దగ్గరే. స్టేసీ ఏబ్రమ్స్, అయానా ప్రెస్లీ లాంటి నాయకురాళ్ళు కూడా తమకి మాక్సీనే స్ఫూర్తి అని చెప్పుకున్నారు. ఈ మనుషుల్ని రాసింది యివెట్ లీ బౌజర్. అమెరికాలో ప్రైమ్‌టైమ్ షోని సొంతంగా సృష్టించిన తొలి నల్లజాతి మహిళ ఆవిడ. ఆవిడ చేసిన పనిని రెండు నిమిషాలు చూసి కాపీ అనేశాడు.

నిజం చెప్పాలంటే నా కోపం ఆ ఒక్క అబ్బాయి మీద కాదు. ఆ “నల్లోళ్ళ” అన్న మాట దగ్గర నవ్విన మనందరి మీద. ఇల్లు కొనుక్కునేటప్పుడు మాకు మనవాళ్ళు ఇచ్చిన మొదటి సలహా ఏమిటో తెలుసా? “ఆ స్కూల్ వద్దు, నల్లోళ్ళు ఎక్కువ.” స్కూల్ ఎలా ఉంటుందో వెళ్ళి చూసినవాళ్ళు ఒక్కరు లేరు. మా అమ్మాయి పుట్టినప్పుడు ఫోన్లో మావాళ్ళు పాప ఎలా ఉందని అడగలేదు, రంగెలా ఉందని అడిగారు. ఆసుపత్రి మంచం మీద, కుట్ల నొప్పితో, ఆ ప్రశ్నకి నేను జవాబు చెప్పాను. చెప్పినందుకు ఇప్పటికీ నన్ను నేను క్షమించుకోలేను.

మనం ఇక్కడికి ఎలా వచ్చామో ఒక్కసారి తలుచుకోండి. 1946 నుంచి 1965 దాకా ఇండియా మొత్తానికి అమెరికా ఏడాదికి ఇచ్చిన వలస కోటా 100 మంది. ఆ తలుపు తెరుచుకున్నది 1965 వలస చట్టంతో. 1964లో పౌరహక్కుల చట్టం, 1965లో ఓటుహక్కు చట్టం, ఆ ఊపులోనే ఇదీ వచ్చింది. ఆ ఊపు ఎవరిది? లాఠీదెబ్బలు తిని, కుక్కల చేత కరిపించుకుని, జైళ్ళకి వెళ్ళిన నల్లవాళ్ళది. వాళ్ళు తెరిచిన తలుపులోంచి వచ్చి, డాక్టర్లమై, ఇంజనీర్లమై, వాళ్ళున్న వీధి వద్దంటాం. వాళ్ళ షో చూసి కాపీ అని నవ్వుతాం.

ఆ రాత్రి అందరూ వెళ్ళాక మా అమ్మాయి గిన్నెలు సర్దుతూ, “అమ్మా, ఆయన అలా అంటే నువ్వెందుకు గట్టిగా చెప్పలేదు?” అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. మాక్సీన్ అయితే పెరుగు గిన్నె పట్టుకుని నిలబడేది కాదు.

వచ్చే నెల వాళ్ళందర్నీ మళ్ళీ పిలుస్తున్నాను. భోజనాలకి ముందే మొదటి సీజన్ మొదటి ఎపిసోడ్ పెడతాను. ఆ తమ్ముణ్ణి నా పక్కనే కూర్చోబెట్టుకుంటాను.