‘డిజిటల్ మ్యాప్ గీయడం మన పని కాదు’ అన్న మెసేజ్‌కు జవాబు

సివిల్, అగ్రికల్చర్, జాగ్రఫీ చదివే పిల్లల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ చాలాకాలంగా తిరుగుతోంది. దాని సారాంశం ఇది. మన దేశంలో సొంతంగా డిజిటల్ మ్యాప్ గీయడం నేరం, 100 కోట్ల దాకా జరిమానా పడుతుంది. సాఫ్ట్‌వేర్ లక్షలు పోస్తేగానీ రాదు. కొత్తవాళ్లు చెయ్యి పెడితే ఒక్క క్లిక్‌తో డేటా అంతా పాడవుతుంది. తెలుగులో పేర్లు రాస్తే ప్రశ్నార్థకాలే కనిపిస్తాయి. ఎకరాల లెక్క ఎప్పుడూ తప్పే వస్తుంది. అయినా ఏఐ అన్నీ గీసేస్తుంటే ఇప్పుడు నేర్చుకోవడం దండగ.

ఈ మెసేజ్ చదివి నేర్చుకోవడం మానేసిన పిల్లలు నాకు తెలుసు. అందుకే కాస్త కోపంగానే రాస్తున్నాను. ఇందులో కొన్ని మాటల వెనక కొంత నిజం ఉంది, అది కూడా దాచకుండా చెబుతాను.

ముందు ఆ 100 కోట్ల సంగతి. ఆ అంకె 2016లో కేంద్రం విడుదల చేసిన జియోస్పేషియల్ (మ్యాప్‌లకు సంబంధించిన) సమాచార నియంత్రణ బిల్లు ముసాయిదాలోది. అనుమతి లేకుండా మ్యాప్ డేటా సేకరిస్తే కోటి నుంచి 100 కోట్ల దాకా జరిమానా, ఏడేళ్ల దాకా జైలు అని అందులో ఉంది. దానిమీద తీవ్రంగా విమర్శలు వచ్చాయి, అది చట్టం కాలేదు. తర్వాత దారి పూర్తిగా మారింది. 2021 ఫిబ్రవరి 15న వచ్చిన కేంద్ర మార్గదర్శకాల ప్రకారం, భారతీయులు మ్యాప్ డేటా సేకరించడానికి, తయారు చేయడానికి, పంచుకోవడానికి ముందస్తు అనుమతి, లైసెన్సు అక్కర్లేదు. ఆ మార్గదర్శకాల్లోనూ షరతులున్నాయి, మనకు ముఖ్యమైనవి రెండు. సున్నితమైన స్థావరాల వివరాలు మ్యాప్‌లో గుర్తించకూడదు. దేశ సరిహద్దు గీయాల్సి వస్తే సర్వే ఆఫ్ ఇండియా చూపించినట్టే ఉండాలి. మీ ఊరి చెరువు, బడి, బోరు గీయడానికి ఈ రెండూ అడ్డురావు.

ఖర్చు గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. కంపెనీలు అమ్మే జీఐఎస్ సాఫ్ట్‌వేర్, అంటే మ్యాప్‌లు గీసి లెక్కలు కట్టే సాఫ్ట్‌వేర్, ఖరీదైనదే. కానీ అదే పని చేసే క్యూజీఐఎస్ ఉచితం. 2002లో మొదలైన ఈ ప్రాజెక్టు విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలోనూ పనిచేస్తుంది. అది కూడా ఇన్‌స్టాల్ చేసుకోలేనివాళ్లు బ్రౌజర్‌లో ఓపెన్ స్ట్రీట్ మ్యాప్ (ఎవరైనా మార్పులు చేయగల ఉచిత ఆన్‌లైన్ మ్యాప్) తెరిచి, దానిలోని ఐడీ ఎడిటర్‌తో మొదలుపెట్టవచ్చు. కీబోర్డు మీద 1 నొక్కితే పాయింట్, 2 నొక్కితే లైన్, 3 నొక్కితే ఏరియా. గూగుల్ మ్యాప్స్ చూసి మాత్రం అందులోకి కాపీ కొట్టకూడదు, లైసెన్సు ఒప్పుకోదు.

‘ఒక్క క్లిక్‌తో అంతా పోతుంది’ అన్నది అన్నిటికన్నా ఎక్కువ మందిని భయపెట్టింది. మౌస్ పట్టుకుంటేనే టెన్షన్ పడే పిల్లలున్నారు. అసలు ఏం జరుగుతుందో చూడండి. క్యూజీఐఎస్‌లో లేయర్ (ఒక రకం వస్తువులన్నీ ఉండే మ్యాప్ పొర) తెరవగానే అది చూడటానికి మాత్రమే ఉంటుంది. పెన్సిల్ గుర్తు నొక్కితేనే ఎడిటింగ్ మొదలవుతుంది. అప్పుడు కూడా మీరు గీసింది, చెరిపింది సేవ్ నొక్కేదాకా ఫైల్లోకి వెళ్లదు. కంట్రోల్ జెడ్‌తో ఒక్కో అడుగు వెనక్కి రావచ్చు. మొత్తం వద్దనుకుంటే పెన్సిల్‌ను మళ్లీ నొక్కండి. సేవ్ చేయాలా అని అడిగినప్పుడు డిస్కార్డ్ అనండి, పాత డేటా అలాగే ఉంటుంది.

ఒక ఊరి చెరువు గీద్దాం. నీళ్ల విస్తీర్ణానికి పాలిగన్ (మూసిన ఆకారం) లేయర్, కట్టకూ కాలువలకూ లైన్ లేయర్, తూములకు పాయింట్ లేయర్ కావాలి. చెరువు అంచు వెంట ఎడమ క్లిక్ కొడుతూ వెళ్లాలి. ప్రతి క్లిక్కూ ఒక బిందువు పడుతుంది, దాన్నే వెర్టెక్స్ అంటారు. తప్పు చోట పడితే బ్యాక్‌స్పేస్ కొట్టండి, ఆ చివరి బిందువు ఒక్కటే పోతుంది. కట్ట తిన్నగా ఉన్నచోట రెండు మూడు బిందువులు చాలు, వంపు దగ్గర దగ్గరదగ్గరగా పెట్టాలి. చుట్టు పూర్తయ్యాక కుడి క్లిక్ కొడితే చిన్న ఫారం వస్తుంది. అందులో చెరువు పేరు, తూములెన్ని, అలుగు ఏ వైపు అన్నవి నింపి ఓకే కొట్టాలి. తర్వాత ఒక మూల సరిగా లేదనిపిస్తే వెర్టెక్స్ టూల్ తీసుకుని, ఆ బిందువు మీద ఒకసారి, అది ఉండాల్సిన చోట ఇంకోసారి క్లిక్ చేస్తే సరిపోతుంది.

కొత్తవాళ్ల డేటా నిజంగా దెబ్బతినేది ఇంకోచోట. పక్కపక్కన ఉన్న రెండు పొలాలను కంటి అంచనాతో గీస్తారు. చూడటానికి అంటుకున్నట్టే ఉంటాయి. బాగా జూమ్ చేస్తే మధ్యలో సన్నటి ఖాళీ కనిపిస్తుంది, లేదా ఒకదాని మీదికి ఇంకోటి ఎక్కి ఉంటుంది. ఎకరాలు కూడినప్పుడు ఈ ముక్కలన్నీ లెక్కను చెడగొడతాయి. గీయడానికి ముందే అయస్కాంతం గుర్తు నొక్కి స్నాపింగ్ ఆన్ చేసుకుంటే, మౌస్ దగ్గరికి రాగానే కొత్త బిందువు పాత బిందువుకే వెళ్లి అతుక్కుంటుంది. టోపలాజికల్ ఎడిటింగ్ కూడా ఆన్ చేస్తే రెండు పొలాలకూ ఉమ్మడిగా ఉన్న బిందువును జరిపినప్పుడు రెండు హద్దులూ కలిసే జరుగుతాయి. మొదటి రోజే ఇది నేర్పకపోవడం నేర్పేవాళ్ల తప్పు.

ఇంకొక్క జాగ్రత్త ఉంది. టెంపరరీ స్క్రాచ్ లేయర్‌లో (తాత్కాలిక లేయర్‌లో) గీసింది క్యూజీఐఎస్ మూసేస్తే పోతుంది. పని మొదట్లోనే జియోప్యాకేజ్ అనే రకం ఫైలుగా సేవ్ చేసుకోండి. ఓపెన్ స్ట్రీట్ మ్యాప్‌లో అయితే ఎవరు ఎప్పుడు ఏం మార్చారో చరిత్ర అంతా ఉంటుంది. ఎవరైనా పాడుచేస్తే ఆ మార్పుల గుంపును మిగతా సభ్యులు వెనక్కి తిప్పగలరు.

తెలుగు గురించి చెప్పినదాంట్లో కొంత నిజం ఉంది, తప్పు మాత్రం తెలుగుది కాదు. చాలా ఆఫీసుల్లో, కాలేజీల్లో ఇప్పటికీ షేప్‌ఫైల్ అనే మ్యాప్ ఫైలు రకాన్ని వాడుతున్నారు. అది 1990ల నాటి ఫార్మాట్. అందులో కాలమ్ పేరుకు 10 బైట్లే చోటు. యూనికోడ్‌ను రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు అక్షరం గానీ గుణింతపు గుర్తు గానీ ఒక్కోటి 3 బైట్లు తీసుకుంటుంది. ‘చెరువు’కే 18 బైట్లు కావాలి, అది ఇమడదు. పైగా అక్షరాలను ఏ ఎన్‌కోడింగ్‌లో (కంప్యూటర్ కోడ్‌లో) రాశారో చెప్పే చిన్న ఫైలు ఒకటి విడిగా ఉంటుంది. పెన్‌డ్రైవ్‌లో ఎక్కించేటప్పుడు దాన్ని వదిలేస్తే అవతలివాళ్లకు పిచ్చి గుర్తులు కనిపించవచ్చు. జియోప్యాకేజ్‌లో ఈ గొడవ లేదు. అన్నీ ఒకే ఫైల్లో ఉంటాయి, తెలుగు తెలుగులాగే ఉంటుంది.

ఎకరాల లెక్క తప్పడానికి కారణం సాధారణంగా కోఆర్డినేట్ సిస్టమ్, అంటే మ్యాప్‌లో చోటును అంకెలతో చెప్పే పద్ధతి. అక్షాంశ రేఖాంశాల డిగ్రీల్లో ఉన్న లేయర్‌లో ఆ డిగ్రీలనే పొడవు వెడల్పులుగా తీసుకుని వైశాల్యం కడితే, వచ్చే అంకెకు చదరపు మీటర్లతో సంబంధమే ఉండదు. యూటీఎం జోన్ పెట్టుకుంటే మీటర్లలో వస్తుంది; యూటీఎం అంటే భూమిని రేఖాంశాల వారీగా జోన్లుగా విడగొట్టి మీటర్లలో కొలిచే పద్ధతి. హైదరాబాద్, విజయవాడ, విశాఖ అన్నీ 78 నుంచి 84 డిగ్రీల తూర్పు రేఖాంశాల మధ్య ఉన్న 44వ జోన్‌లోవే. కానీ అనంతపురం, ఆదోని, నారాయణపేట 43వ జోన్‌లోకి వస్తాయి, ఇచ్ఛాపురం 45లోకి పోతుంది. మీ ఊరి రేఖాంశం చూసుకుని జోన్ ఎంచుకోండి. వచ్చిన చదరపు మీటర్లను 4047తో భాగిస్తే ఎకరాలు.

అయితే ఈ లెక్కను హద్దుల తగాదాల్లోకి తీసుకెళ్లకండి. శాటిలైట్ చిత్రమే కొన్ని మీటర్లు పక్కకు జరిగి ఉండవచ్చు. పొలం హద్దుకు ఆధారం సర్వే శాఖ కొలతలే, అంటే వాళ్ల పొలం కొలతల రికార్డులు, తెలంగాణలో టిప్పన్, ఆంధ్రలో ఎఫ్‌ఎంబీ. మీరు గీసిన మ్యాప్ ప్లానింగ్‌కు పనికొస్తుంది, పట్టాకు కాదు.

ఇక ఏఐ. శాటిలైట్ చిత్రాల్లో ఇళ్లను, రోడ్లను యంత్రాలు బాగానే కనిపెడుతున్నాయి. కానీ 2019లో ఫేస్‌బుక్ తెచ్చిన ర్యాపిడ్ ఎడిటర్‌లో కూడా యంత్రం చూపించిన రోడ్డును మనిషి పరిశీలించి ఒప్పుకుంటేనే అది ఓపెన్ స్ట్రీట్ మ్యాప్‌లోకి చేరుతుంది. అంటే ఎడిటింగ్ వచ్చినవాళ్ల అవసరం అక్కడా ఉంది. చెరువు విషయానికొస్తే యంత్రం ఇంకా వెనకబడుతుంది. మే నెల చిత్రంలో ఎండిన శిఖం (చెరువు లోపలి) భూమి పొలంలా కనిపిస్తుంది. గుర్రపుడెక్క కమ్మేసిన చెరువు పచ్చటి చేనులా ఉంటుంది. పూర్తి నీటిమట్టం అంచు ఒక్క రోజు తీసిన ఫోటోలో దొరకదు. అలుగు పారిన ఏడాది నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో ఊరి నీరటిని (చెరువు నీళ్లు వదిలే మనిషిని) అడగాలి. ఆయన చూపించిన చోటల్లా ఫోన్ జీపీఎస్‌తో బిందువులు తీసుకోవాలి. వాటిని కలుపుతూ పాలిగన్ గీసి, ఆ మట్టం ఏ ఏడాదిదో ఒక కాలమ్‌లో రాసి, సేవ్ చేయాలి.