కెమెరా ముందు హెడ్‌ఫోన్లు

టీవీలో ఆటల గురించి మాట్లాడి బతకాలనుకునే కుర్రకారుకు నాదొక హితవు. కోటు కుట్టించుకోవడానికి అప్పుడే దర్జీ దగ్గరికి పరుగెత్తకండి. ముందు రేడియోలో చేరండి. బొమ్మ ఉండదు, రీప్లే ఉండదు, నిన్నటి మ్యాచ్‌నే ఇవాళ్టి పొద్దు గూకేదాకా నమలాలి. మన అవధానాల్లో అప్రస్తుత ప్రసంగి మధ్యమధ్యలో నాలుగు ముక్కలు విసిరి ఊరుకుంటాడు. న్యూయార్క్‌లో అలాంటివాళ్లను ఇద్దర్ని పట్టుకొచ్చి, మధ్యాహ్నం ఒంటిగంట నుంచి ఆరున్నర దాకా మైకిచ్చి, పైన జీతం కూడా ఇచ్చారు.

ఆ స్టేషన్ డబ్ల్యూఎఫ్ఏఎన్. 1987 జులై 1న మొదలై, ఇరవైనాలుగు గంటలూ ఆటల కబుర్లే చెప్పింది. అందులో 1989 నుంచి 2008 దాకా మైక్ ఫ్రాన్సెసా, 'మ్యాడ్ డాగ్' క్రిస్ రస్సోల జోడీ నడిచింది. ఒకాయనది రచ్చబండ మీద తీర్పు చెప్పే పెద్దమనిషి వాటం, ఇంకొకాయనది పూనకం.

2002లో న్యూయార్క్ బేస్‌బాల్ జట్టు యాంకీస్ మ్యాచ్‌లు చూపించే టీవీ చానెల్ యెస్ నెట్‌వర్క్ వాళ్లు బాగా ఆలోచించి ఒక మహా ఆవిష్కరణ చేశారు: రేడియో గదిలో కెమెరా పెట్టారు. అంతే, టీవీ కార్యక్రమం తయారు! హెడ్‌ఫోన్లు, మైకులు, చిందరవందర కాగితాలు. సెట్టింగు ఖర్చు లేదు.

కష్టమల్లా కెమెరాకు మొహమాటం లేకపోవడమే. 2012లో సహోద్యోగి బేస్‌బాల్ విశేషాలు చెబుతుంటే ఫ్రాన్సెసా కళ్లు మూతలు పడ్డాయి, తల వాలింది. రేడియోలో అయితే దీన్ని శ్రద్ధగా వినడం అంటారు. నిద్రపోలేదని ఆయన చెప్పారు. నేను నమ్ముతాను. మా ఆఫీసు మీటింగుల్లో నేనూ అలాగే ఆలోచిస్తుంటాను.

అయినా రేడియో నేర్పే అసలు విద్య వేరే ఉంది. తప్పయినా సరే, గొంతు తగ్గించకూడదు. 2023 అక్టోబర్‌లో ఒక బేస్‌బాల్ సిరీస్‌లో మిగిలిన రెండు ఆటలూ అరిజోనా జట్టు గెలిచి ఫిలడెల్ఫియాను ఇంటికి పంపితే అక్కడికక్కడే రిటైరవుతానని రస్సో శపథం పట్టారు. అరిజోనా రెండూ గెలిచింది.

భీష్ముడికి ఈ వెసులుబాటు లేదు పాపం. రస్సో రిటైర్ కాలేదు. 2022లో ఈఎస్‌పీఎన్ టీవీ చర్చా కార్యక్రమం 'ఫస్ట్ టేక్'లో దొరికిన కుర్చీ కూడా కదల్లేదు. పైగా మాట్లాడ్డానికి కొత్త టాపిక్ దొరికింది: తాను ఎందుకు రిటైర్ కాలేదన్నది.