ముందు రక్షణ, ఆ తర్వాతే రాజీ

భర్త కొడుతున్నాడని ఆడపిల్ల మొదట చెప్పేది పోలీసుకు కాదు, లాయరుకూ కాదు. అమ్మకో, అక్కకో, పక్కింటావిడకో చెబుతుంది. అదీ చెబితే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో పెళ్లయిన ఆడవాళ్లలో దాదాపు 37 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 30 శాతం ఎప్పుడో ఒకప్పుడు భర్త చేతిలో హింసకు గురైనవాళ్లే. దేశం మొత్తం మీద హింసకు గురైన ఆడవాళ్లలో నూటికి 77 మంది ఎవరి సాయమూ అడగలేదు, ఎవరితోనూ చెప్పుకోలేదు. సాయం అడిగింది 14 మందే. వాళ్లలో ఎక్కువ మంది వెళ్లింది పుట్టింటివాళ్ల దగ్గరికే.

అదే సర్వేలో ఇంకో లెక్క ఉంది. చెప్పకుండా బయటికెళ్లడం, ఎదురు మాట్లాడటం, వంట సరిగ్గా చేయకపోవడం లాంటి ఏడు కారణాలు చెప్పి, వీటిలో దేనికైనా భర్త కొట్టడం సబబేనా అని అడిగారు. రెండు రాష్ట్రాల్లోనూ నూటికి 84 మంది ఆడవాళ్లు ఏదో ఒకదానికి సబబే అన్నారు. అంటే ఏడుస్తూ వచ్చిన పిల్లకు మంచినీళ్లిచ్చి కూర్చోబెట్టే మనిషి కూడా ఆ 84 మందిలో ఒకరు అయ్యుండొచ్చు. 'నువ్వేమన్నావ్?' అనే ప్రశ్న అక్కడి నుంచే పుడుతుంది.

తర్వాత జరిగేది ఊళ్లలో పెరిగినవాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. పెద్దమనుషులు కూర్చుంటారు. 'ఇకమీదట చెయ్యి చేసుకోను' అని అతను ఒప్పుకుంటాడు, సర్దుకుపొమ్మని ఆమెకు చెప్పి సాయంత్రం బస్సెక్కిస్తారు. మళ్లీ కొడితే మహిళా పోలీస్ స్టేషన్. అక్కడ చాలాసార్లు కేసు కంటే ముందు కౌన్సెలింగ్ మొదలవుతుంది. భార్యాభర్తలిద్దరినీ ఒకే బల్ల ముందు కూర్చోబెడతారు. కొట్టినవాడు పక్కనే ఉండగా, ఎందుకు కొట్టాడో ఆమే చెప్పాలి. అతను తన వైపు కారణాలు చెబుతాడు: ఫోన్ ఎత్తలేదు, మా అమ్మకు అన్నం పెట్టలేదు. ఇద్దరి తప్పులూ సమానంగా తూచి రాజీ కాగితం రాస్తారు.

గృహహింస చట్టం ఇలా చెప్పలేదు. 2005లో వచ్చి 2006 అక్టోబరు 26 నుంచి అమల్లో ఉన్న ఈ చట్టానికి నియమాలున్నాయి. వాటిలో 14వ నియమం మేజిస్ట్రేట్ ఆదేశించే కౌన్సెలింగ్ ఎలా జరగాలో చెబుతుంది. కొట్టినందుకు కారణాలు చెప్పుకోవడానికి అందులో అవకాశమే లేదు, ఆ సంగతి అతనికి మొదలుపెట్టే ముందే చెప్పాలి. ఇక హింసకు దిగనని హామీ ఇవ్వాల్సిందీ అతనే. స్టేషన్‌లో జరిగే కౌన్సెలింగ్‌కు ఈ నియమం వర్తించదని ఎవరైనా అనొచ్చు. కానీ కోర్టు పర్యవేక్షణలోనే ఇంత జాగ్రత్త అవసరమనుకున్నప్పుడు, ఎవరి పర్యవేక్షణా లేని చోట ఇంకెంత అవసరం? రాజీ పడాలని ఆమే కోరుకుంటే పడనివ్వండి. ముందు ఆమెకు దెబ్బలు తగలకుండా చూడండి.

కేసు అనగానే చాలామందికి భార్యను హింసించే భర్తనూ అత్తింటివాళ్లనూ శిక్షించే 498ఏ సెక్షన్ గుర్తొస్తుంది (2024 జులై నుంచి అది భారతీయ న్యాయ సంహితలో 85వ సెక్షన్). భర్త జైలుకెళ్తాడు, కాపురం కూలిపోతుందని టెన్షన్. ఆ సెక్షన్ దుర్వినియోగం గురించి టీవీల్లో జరిగే చర్చ వల్ల ఇంకో నష్టం జరిగింది: గృహహింస చట్టం ప్రధానంగా సివిల్ చట్టమన్న సంగతే మరుగున పడింది. అరెస్టు లేకుండానే మేజిస్ట్రేట్ రక్షణ ఉత్తర్వు ఇవ్వొచ్చు, ఖర్చులకు డబ్బు ఇప్పించొచ్చు, పిల్లలను తాత్కాలికంగా ఆమె దగ్గర ఉంచొచ్చు. అతను ఆ రక్షణ ఉత్తర్వును మీరితే అప్పుడు అది నేరం, ఏడాది వరకు జైలు.

అన్నిటికంటే పెద్ద హక్కు ఇంట్లో ఉండే హక్కు. ఇల్లు మామగారి పేరున ఉంది కాబట్టి కోడలికి అక్కడ చోటు లేదనే వాదన చాలాకాలం నడిచింది. 2020 అక్టోబరులో సతీష్ చందర్ అహుజా కేసులో సుప్రీంకోర్టు ఆ వాదనను కొట్టేసింది. కాపురం చేసిన ఇల్లు అత్తమామలదైనా అక్కడ ఉండే హక్కు ఆమె కోరవచ్చు. 'గెంటేశారు, ఏం చేస్తాం' అనే పుట్టింటివాళ్లు ముందు తెలుసుకోవాల్సింది ఇదే.

దీనికంతటికీ మొదటి కాగితం గృహహింస నివేదిక, ఆఫీసుల్లో డీఐఆర్ అంటారు. రక్షణాధికారి, అంటే ఈ చట్టం కింద బాధితులకు సాయం చేయాల్సిన అధికారి, నింపే ఆ ఫారం చూస్తే చట్టం రాసినవాళ్లకు ఇళ్ల సంగతి బాగా తెలుసనిపిస్తుంది. కొట్టడం ఒక్కటే కాదు, మగపిల్లాడిని కనలేదని తిట్టడం, ఉద్యోగానికి వెళ్లనివ్వకపోవడం, ఇంటి ఖర్చుకు డబ్బివ్వకపోవడం, చచ్చిపోతానని బెదిరించడం వరకు అన్నీ ఉన్నాయి. టిక్కు పెట్టడమే. ఈ నివేదిక లేకపోయినా కోర్టు ఉత్తర్వు ఇవ్వొచ్చని 2022లో ప్రభా త్యాగి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అయినా అది చేతిలో ఉంటే కథ మళ్లీ మొదటి నుంచి చెప్పుకునే బాధ తప్పుతుంది.

ఆమె ముందుగా చెప్పుకున్న మనిషి మీరే అయితే చేయాల్సినవి పెద్ద పనులేం కావు. ఆమె మాట నమ్మండి. ఆమెను అడగకుండా అతనికి ఫోన్ చేసి నిలదీయకండి, ఆ కోపం రాత్రికి ఆమె మీదే తీరుతుంది. ఆధార్, పాస్‌బుక్, పిల్లల సర్టిఫికెట్ల ఫొటోలు మీ ఫోన్‌లో దాచండి, ఆమె ఫోన్‌లో అయితే అతను చూడొచ్చు. దెబ్బలుంటే ఆసుపత్రికి తీసుకెళ్లి, ఎలా తగిలాయో ఉన్నదున్నట్టు రాయించండి. మెట్ల మీంచి పడ్డానని ఒకసారి రాయిస్తే అదే ఆమెకు అడ్డంకి అవుతుంది. ప్రాణం మీదికొస్తే 112, సలహాకు 181. లాయరు ఖర్చు గురించి భయపడక్కర్లేదు, ఆదాయం ఎంతున్నా ఆడవాళ్లకు న్యాయసేవల సంస్థ ఉచితంగా లాయరును ఇవ్వాలి, ఆ నంబరు 15100. అత్తిల్లు వేరే జిల్లాలో ఉన్నా సరే, ఆమె ఇప్పుడు తలదాచుకున్న చోటే కోర్టుకు వెళ్లొచ్చు.

అమెరికాలో హెచ్4 వీసా మీద, అంటే భర్త ఉద్యోగ వీసాను ఆధారం చేసుకుని ఉన్నవాళ్ల కష్టం వేరు. భర్త వీసా పోతే తనదీ పోతుందన్న భయం వాళ్లది. హింసకు గురైన భార్యలు సొంతంగా దరఖాస్తు చేసుకునే వెసులుబాటు అక్కడి చట్టంలో ఉన్నా, అది భర్త పౌరుడో గ్రీన్‌కార్డు ఉన్నవాడో అయితేనే. న్యూజెర్సీలో 1985 నుంచి పనిచేస్తున్న మానవి లాంటి దక్షిణాసియా మహిళా సంస్థలతో మాట్లాడి, ఆ తర్వాతే ఏ కాగితం మీదైనా సంతకం పెట్టడం మంచిది.

ఇక ప్రభుత్వాల వంతు. రక్షణాధికారి పని ఇప్పటికీ చాలాచోట్ల వేరే బాధ్యతలున్న అధికారి నెత్తినే ఉంది. జిల్లా, తాలూకా స్థాయిల్లో రక్షణాధికారులను ఆరు వారాల్లో నియమించాలని 2025 మేలో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించాల్సి వచ్చింది, చట్టం వచ్చిన ఇరవై ఏళ్లకు! దరఖాస్తు అందిన మూడు రోజుల్లో మొదటి విచారణ, ఆ తర్వాత 60 రోజుల్లో పరిష్కారం అని చట్టం అంటుంది. కోర్టుల చుట్టూ తిరిగిన ఎవరినడిగినా నవ్వుతారు. సఖి కేంద్రాల్లో పోలీసు, వైద్య, న్యాయ సాయం ఒకే చోట దొరకడం నిజంగా మంచి ఏర్పాటు. కానీ అక్కడ తలదాచుకోవడానికి ఇచ్చేది ఐదు రోజులు. మధ్యంతర ఉత్తర్వు ఐదు రోజుల్లో రాదు, కష్టాల్లో ఉన్న ఆడవాళ్లకు ప్రభుత్వ ఆశ్రయమైన శక్తి సదన్‌లో చోటు ప్రతి జిల్లాలోనూ దొరకదు. ఆరో రోజు పిల్లలతో ఎక్కడికెళ్లాలో తెలియక మళ్లీ ఆ ఇంటికే వెళ్లిన ఆవిడను 'రాజీ పడింది' అని రిజిస్టర్‌లో రాసుకోవడం మానేయాలి, ఆ ఐదు రోజుల గడువును ఉత్తర్వు వచ్చేదాకా పెంచాలి.